మేడం భుజం, నా బొటనవేళ్లు

మసాజ్ చేసేదాన్ని అని చెప్పగానే ఎదుటివాళ్ల మూతి ఒక పక్కకు తిరుగుతుంది. అలా తిరిగిన మూతులను పదేళ్లకు దగ్గరగా చూశాను. కాబట్టి ఇది చదివే పిల్లలు నవ్వేది ఉంటే ముందే నవ్వేయండి, నేను ఆగుతాను. అయిందా? ఇక వినండి. నేను చేసింది ఒంటి నొప్పులకు మర్దన. అదీ ఆడవాళ్లకు మాత్రమే. మహారాష్ట్ర అంచున ఉన్న సిరోంచలో ఒక ఆయుర్వేద డాక్టర్ గారి దగ్గర, బజారు వెనక సందులో, పచ్చ కర్టెన్ వేలాడే గదిలో చేశాను. ఈ మధ్య నా బొటనవేళ్లు ఇక మావల్ల కాదన్నాయి. పిండి పిసకడానికి కూడా ఒప్పుకోవడం లేదు. అందుకే మానేసి ఇంట్లో కూర్చున్నాను, కూర్చున్నదాన్ని ఊరుకోలేక ఇది రాస్తున్నాను.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న ఆడపిల్లలు నన్ను అడిగేది ఒకటే. చేతులు ఎలా పెట్టాలి, ఏ నూనె ఎంత వేడి చెయ్యాలి అని. అవి నెల రోజుల్లో వస్తాయి. బల్ల మీద పడుకున్న మనిషితో ఎలా మసలుకోవాలన్నది మాత్రం నాకు ఒక పెద్ద మేడం భుజం నల్లగా కమిలితే గానీ రాలేదు.

మాది గోదావరికి అవతలి ఒడ్డు, తెలంగాణలో భూపాలపల్లి వైపు. పెళ్లయి సిరోంచ పక్క పల్లెకు వచ్చాను. మా రెండు వైపులా అందరూ ఒకరి పొలాల్లో పని చేసి బతికినవాళ్లే. నేను పది చదివాను. పది చదివి కూడా నాట్లే వేశాను. పొద్దున వంచిన నడుము పొద్దుగూకాక ఎత్తడం, అంతే. తర్వాత మా ఆయన మేస్త్రీ పనికి హైదరాబాద్ పోతే వెంట పోయి, అక్కడ ఒక ఆయుర్వేద ఆసుపత్రిలో ఆయాగా చేరాను. నేల తుడుస్తూ తుడుస్తూ మర్దన గదిలోకి చేరుకున్నాను. మా అమ్మ ఊళ్లో బాలింతలకు నూనె రాసి నీళ్లు పోసే మనిషి, ఆ చేతులే నాకూ వచ్చాయి. అక్కడే హిందీ కూడా వచ్చింది, అంటే హైదరాబాద్ హిందీ. గోదావరి మీద వంతెన పడిన కొత్తలో ఊరికి తిరిగొచ్చాం. మా ఆయన ఆటో పట్టాడు. నేను పోయి డాక్టర్ సార్‌ను పని అడిగాను.

సార్ మా తెలుగు ఆయనే, సిరోంచలోనే పుట్టాడు, చదువంతా మరాఠీలో సాగింది. నా రెండు చేతులూ తిరగేసి బోర్లేసి చూశాడు.

"చేతులైతే మంచిగున్నయ్. మూడు నెలలు చూస్త. ఒక్క కంప్లైంట్ వచ్చిందంటే మాత్రం ఇగ రావద్దు" అన్నాడు.

సరేనన్నాను. ఫ్యాను కింద నిలబడి చేసే పని. కాళ్లకు బురద అంటని పని. మా ఇంట్లో ఆడది అలాంటి పని చెయ్యడం అదే మొదలు. దాన్ని నిలబెట్టుకోవాలని నాకు ఎంత ఆశగా ఉండేదో నాట్లు వేసినవాళ్లకు చెప్పక్కర్లేదు, వేయనివాళ్లకు చెప్పినా ఎక్కదు.

పక్కన మగవాళ్ల గది ఉండేది. అందులో ఆష్టి నుంచి వచ్చిన ఒకాయన పనిచేసేవాడు. వయసులో కుస్తీలు పట్టిన మనిషి, మెడ ఎక్కడ ఆగి తల ఎక్కడ మొదలవుతుందో తెలిసేది కాదు. మరాఠీ ఆయన, తెలుగు సిరోంచ బజారులో నేర్చుకున్నాడు. నన్ను వహినీ అని పిలిచేవాడు, అంటే వదిన. ఆయన గదిలోకి కొందరు కన్ను కొడుతూ వచ్చి స్పెషల్ ఉందా అని గొంతు తగ్గించి అడిగేవారు. ఉంది, బోర్లా పడుకోండి అనేవాడు ఎంతో మర్యాదగా. పడుకున్నాక నడుము మీద మోచెయ్యి దింపేవాడు. గోడ ఇవతల నాకు కేకలు వినిపించేవి. ఆ స్పెషల్ రెండోసారి అడిగినవాడిని నేను చూడలేదు.

నా గదిలో వేషాలు వేరు. ఒకావిడ చీర విప్పనంటే విప్పనంది, మీదనుంచే రుద్దమంది. రుద్దితే చీరకు నూనె పట్టిందని నన్నే తిట్టింది. ఇంకొకావిడ మటన్ కూరతో కడుపు నిండా తిని వచ్చి బోర్లా పడుకుంది. తర్వాత ఏమైందో గది కడిగిన నాకు తెలుసు. ఒకామె అత్తగారినీ ఇద్దరు పిల్లలనూ వెంటబెట్టుకొచ్చి కుర్చీలు వేయమంది. వాళ్లు కూర్చుని చూస్తారట. ఇంకొకామె, బల్లకు మొహం పెట్టుకునే కంత ఉంటుంది కదా, దాని కింద స్టూలు వేయించుకుని, దాని మీద ఫోను పెట్టుకుని, అహేరిలో ఉన్న చెల్లెలితో గంటసేపు మాట్లాడింది. ఆ చెల్లెలి తోడికోడలు ఎలాంటిదో నాకు ఇప్పటికీ తెలుసు. స్నానం చేసి రమ్మంటే, ఎట్లాగూ మీరు నూనె పూస్తారు కదా, ఇంటికి పోయి ఒకేసారి చేస్తాను అన్నవాళ్లకైతే లెక్కే లేదు.

ఇలాంటివాళ్ల కోసమే సార్ గోడకు పెద్ద బోర్డు రాయించి పెట్టాడు. మరాఠీలో. స్నానం చేసి రావాలి, తిని రాకూడదు, నగలు తీసి పెట్టాలి, జబ్బులుంటే దాచకూడదు. చివరన ఒక లైను, "దుఖల్యాస్ సాంగావే" అని. బడిలో నేర్చిన హిందీ అక్షరాలు కూడబలుక్కుని చదివి, దుఃఖం ఉంటే చెప్పుకోవాలి అని రాశారనుకున్నాను. ఎంత మంచి పద్ధతి పెట్టాడు మా సార్ అని మురిసిపోయాను కూడా. పడుకున్న ప్రతి మనిషినీ మీ దుఃఖమేంటో చెప్పండి అని అడిగేదాన్ని. వాళ్లకు ఆ మాట ఒకరు అడగడమే ఎక్కువ. మొగుడి తాగుడు, కోడలి నోరు, గట్టు తగాదాలు, అన్నీ వచ్చి నా చెవిలో పడేవి. గంట పని గంటన్నర పట్టేది. బయట బెంచీ మీద కూర్చున్నవాళ్లు విసుక్కునేవారు.

నొప్పి లేస్తే చెప్పండి అని దాని అర్థమట. నెల దాటాక ఆష్టి ఆయన చెబితే తెలిసింది. తెలిశాక సిగ్గుపడ్డాను గానీ అడగడం మానలేదు. అంతకంటే ముఖ్యంగా, నా మరాఠీ ఏ పాటిదో చూసైనా అప్పుడే నాకు బుద్ధి రావాల్సింది. రాలేదు.

మూడో నెల సగమైంది. ఇంకో పదిహేను రోజులు గడిస్తే గండం గట్టెక్కుతాను అనుకుంటుండగా పెద్ద మేడం వచ్చింది. నాగపూర్ వైపు నుంచి బదిలీ మీద మా పక్కనున్న ఒక బడికి హెడ్‌మేడంగా వచ్చింది. కుడి భుజం బిగుసుకుపోయి చెయ్యి చెవి దాకా లేవడం లేదు. నల్లబల్ల మీద పైన ఏమైనా రాయాలంటే కుర్చీ ఎక్కి రాస్తోందట. సార్ ఆమెను చూసి, నన్ను పక్కకు పిలిచి, ఈమెకు మంచిగా చేస్తే బడిలో టీచర్లందరూ మన దగ్గరికే వస్తారు, జర చూసి చెయ్యి అన్నాడు.

ఆమెలాంటి పద్ధతైన మనిషిని నేను అప్పటిదాకా ఆ బల్ల మీద చూడలేదు. చెప్పిన టైముకు ఐదు నిమిషాలు ముందే వచ్చింది. స్నానం చేసి వచ్చింది. ఫోను ఆపి సంచిలో వేసింది. గొలుసూ గాజులూ తీసి రుమాలులో మూట కట్టింది. చీర మడత పెట్టి కుర్చీ మీద అంచులు సరిచేసి మరీ పెట్టింది. మేమిద్దరం హిందీలో మాట్లాడుకున్నాం. అలవాటు చొప్పున మీ దుఃఖమేంటి అని అడిగితే, ఏమీ లేదు, భుజం చూడండి చాలు అంది. బోర్లా పడుకుని కంతలో మొహం పెట్టుకుంది. అంత మర్యాదే ఆ రోజు మా ఇద్దరి కొంపా ముంచింది.

మొదట మెత్తగానే చేశాను. తర్వాత రెక్క ఎముక పక్కన నరాలు గట్టిగా ముడి పడ్డ చోటు చేతికి తగిలింది. అక్కడ బొటనవేళ్లు దించాను. కింద కంతలోంచి సన్నగా "పురే" అని వినిపించింది. మొహం కిందికి, గొంతు బల్ల దూదిలోకి, పైగా నొప్పికి మాట సాగింది. నాకు మాత్రం "పూరే" అని చెవినపడింది. అప్పటిదాకా హిందీలో మాట్లాడుకున్నాం కదా, పూరా అంటే మొత్తం. మన దగ్గరా అంతే కదా, పని పూరా చెయ్యి అంటాం. ఊరికే పైపైన రుద్ది పంపకు, పూర్తిగా చెయ్యి అంటోంది కాబోలు అనుకున్నాను. పెద్ద చదువు చదివిన మనిషి, పని విలువ తెలిసిన మనిషి అని మనసులో మెచ్చుకున్నాను కూడా.

"జీ మేడం, పూరా" అని బలం పెంచాను.

"పురే, పురే" అంది.

ఇంకా పెంచాను. ఆమె అంది, నేను పెంచాను. సార్ మాట గుర్తొచ్చి మోచెయ్యి కూడా దించాను. ఆమె ఎడమ చెయ్యి బల్ల అంచును పట్టుకుంది. సుఖంగా ఉన్నట్టుంది అనుకున్నాను. తొమ్మిది సార్లు అంది ఆ మాట. ఎందుకు లెక్క తెలుసంటే, ఇంత హుషారుగా అడిగే మనిషి దొరకలేదని నేనే లోపల లెక్కపెట్టుకున్నాను. చివరికి మాట పోయి మూలుగు వచ్చింది. దానికి నేను "శభాష్ మేడం" అన్నాను.

అవును, అన్నాను. చదివి నవ్వుకోండి. నాకు ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

లేచి కూర్చున్నప్పుడు ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. నూనె పడిందేమోనని తుడుచుకోవడానికి బట్ట ఇచ్చాను. ఎడమ చేత్తో చీర చుట్టుకోవడానికి చాలాసేపు పట్టింది, నేను సాయం చేశాను. పోతూ పోతూ థాంక్యూ అంది. థాంక్యూ అన్నారంటే బాగైందనే కదా ఎవరైనా అనుకునేది. ఆ పూట టీ రెండుసార్లు తాగాను.

మర్నాడు శుక్రవారం. నేను గదిలో అడుగు పెట్టేసరికి సార్ ఫోను కింద పెడుతున్నాడు. మీ దగ్గర మర్దన చేసే మనిషిని పెట్టుకున్నారా, కొట్టే మనిషిని పెట్టుకున్నారా అని అడిగిందట మేడం. అరవకుండా అడిగిందట, సార్‌కు అదే ఎక్కువ గుచ్చుకుంది.

"ఏం చేసినవమ్మా ఆమెకు? భుజం పూరా నల్లగైందట. చెయ్యి మొన్న లేసినంత గూడ లేస్తలేదట" అన్నాడు.

నేనేం తప్పు చెయ్యలేదన్నాను. ఆమె చెయ్యమన్నట్టే చేశానన్నాను. ఒక్కసారి కాదు, తొమ్మిది సార్లు అడిగి మరీ చేయించుకుందని చెప్పాను. మూలన స్టవ్ మీద నూనె వేడి చేస్తున్న ఆష్టి ఆయన తల తిప్పాడు. ఏమని అడిగిందో అదే మాట చెప్పు వహినీ అన్నాడు. పూరే పూరే అంది అని చెప్పాను.

ఆయన గిన్నె దించి, స్టవ్ ఆపి, నేల మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టాడు. అంత పెద్ద ఒళ్లు నవ్వితే తలుపు రెక్క అదిరింది. నా మొహం చూశాక ఆపుకున్నాడు.

"వహినీ, మా మరాఠీల పురే అంటే చాలు. ఇగ చాలు, ఆపు, అని" అన్నాడు.

సార్ రెండు చేతులతో తల పట్టుకున్నాడు. నేను నూనె డబ్బా మీద కూర్చున్నాను. చాలు తల్లీ, చాలు అని ఒక మనిషి తొమ్మిది సార్లు వేడుకుంటే, మోచెయ్యి దింపి శభాష్ అన్నాను నేను. కన్నతల్లి నేర్పిన భాషలోనే కదా ఎవరైనా నొప్పికి మూలిగేది. హిందీ అంతా పైపై మాటలకు, లోపలి మాటకు ఆమె మరాఠీకి పోయింది. నేను అక్కడికి పోలేకపోయాను.

మాట తేడా వచ్చింది కదా సార్, వదిలేయండి అని ఆష్టి ఆయన నా తరఫున అడిగాడు. సార్ చెడ్డవాడేం కాదు. కానీ ఊరు చిన్నది, ఆ మాట బజారులో పడితే కర్టెన్ దించి పోవాల్సిందే అన్నాడు.

"నువ్వే పోయి ఆమెను మాఫీ అడుగు. సోమవారం ఆమె మళ్ల మర్దనకొస్తే నువ్వుంటవ్. రాకపోతే నువ్వు గూడ రాకు" అని తేల్చేశాడు.

ఆ రాత్రి అన్నం సయించలేదు. నిజం చెప్పాలి, పెద్దదాన్నయ్యాక అబద్ధాలాడి ఏం చేసుకుంటాను. ఆమె భుజం కంటే నా ఫ్యాను గురించే ఎక్కువ బాధపడ్డాను. అంతే కాదు, ఆమె మీద ఒళ్లు మండింది కూడా. చాలు అనేదాన్ని అలా దేవుడికి మొక్కుకున్నట్టు గొణిగితే ఎలా? లేచి కూర్చోవచ్చు. నా చెయ్యి తోసేయొచ్చు. ఒక కేక పెట్టొచ్చు. మటన్ తిని వచ్చిన మనిషి గది పాడుచేసింది గానీ నన్ను పాడుచెయ్యలేదు. ఫోనులో మాట్లాడిన ఆమె నొప్పి లేస్తే, చెల్లెలికి ఒక్క నిమిషమని చెప్పి మరీ నన్ను తిట్టేది. ఈ పద్ధతైన మనిషి మాత్రం నొప్పిని కూడా పద్ధతిగా పడింది. ఇది చదువుతున్నవాళ్లలో ఎప్పుడైనా ఆ బల్ల ఎక్కేవాళ్లుంటే చెబుతున్నాను. స్నానం చేసి రాకపోయినా సర్దుకుంటాం. మీరు మంచి పేరు కోసం నోరు మూసుకుని పడుకుంటే మాత్రం మా బతుకు బుగ్గయిపోతుంది.

శనివారం మధ్యాహ్నం బడి వదిలాక ఆమె ఇంటికి పోయాను. పోయేముందు ఆష్టి ఆయన నాకు "మాఫ్ కరా, చూక్ ఝాలీ" అని నేర్పించాడు. క్షమించండి, తప్పయింది అని. దారి పొడుగునా అదే గొణుక్కుంటూ పోయాను. ఈసారి మాట తేడా వస్తే ఇంకేం మిగలదు కదా.

తలుపు ఆమే తీసింది. చున్నీతో చెయ్యి మెడకు కట్టుకుంది. జాకెట్ అంచు కింద నల్లటి మచ్చ కనిపించింది. అది నా బొటనవేలి సైజే. లోపలికి రమ్మంది గానీ కూర్చోమనలేదు. బల్ల మీద పిల్లల నోటు పుస్తకాలు గుట్టగా ఉన్నాయి, దిద్దడానికి చెయ్యి ఆడక అలాగే పడున్నాయి. నేర్చుకున్న మరాఠీ ముక్క అప్పజెప్పాను. ఇక హిందీలోకి దిగి ఉన్నదున్నట్టు చెప్పాను. మీరు పురే అన్నారు, నాకు పూరే అని వినిపించింది, మీరు చాలు అన్న కొద్దీ నేను మొత్తం చేశాను, మీరు అడుగుతున్నారనే చేశాను, నా మీద ఒట్టు అన్నాను.

నవ్వుతుందనుకున్నాను, లేదా తలుపు చూపిస్తుందనుకున్నాను. రెండూ చెయ్యలేదు. మొహం పాలిపోయింది. పూరే అంటే మీరంతా మొత్తం అనే అనుకుంటారా, ఇళ్లల్లో తెలుగు మాట్లాడేవాళ్లందరూ అంతేనా అని అడిగింది. పూరా అనేది మా నోట్లో పొద్దున లేస్తే ఉండే మాటే అన్నాను. మరాఠీ వినీ వినీ పెద్దయినవాళ్లకు తేడా తెలుస్తుంది, నాలాంటి కొత్తవాళ్లకు తెలియదు అన్నాను.

ఆమె ఎడమ చేత్తో ఆ గుట్టలోంచి ఒక పుస్తకం లాగి నా చేతిలో పెట్టింది. తెరిచి చూశాను. మొదటి పేజీ నుంచి ఒకటే అక్షరం, మరాఠీ క. పేజీ తర్వాత పేజీ, క, క, క. మొదట బొద్దుగా ఉన్న అక్షరాలు పోను పోను చెయ్యి నొప్పెట్టినట్టు వంకర్లు పోయాయి. పేజీలు అయిపోయాక వెనక అట్ట లోపలి వైపు కూడా నింపేసి ఉంది.

అది ఒకటో తరగతి పిల్లదట. ఆ మంగళవారం టీచర్ రాకపోతే తానే క్లాసుకు పోయిందట మేడం. ఒక లైను రాయమని చెప్పి, కాసేపటికి పురే అందట. అందరూ పలకలు, పుస్తకాలు కింద పెట్టారు. ఈ పిల్ల మాత్రం తల వంచుకుని రాస్తూనే ఉంది. దగ్గరికి పోయి పురే అని మళ్లీ గట్టిగా చెబితే ఆ పిల్ల భయపడి ఇంకా వేగంగా రాసింది. వేరే పిల్లల పలకలు చూసి తిరిగొచ్చేసరికి ఇంకా రాస్తూనే ఉంది. కొత్త మేడం మాటంటే లెక్క లేదు, ఎదురు తిరుగుతోంది అనుకుందట మేడం. అట్ట మీద కూడా రాస్తుంటే కోపం ఆగలేదు. చెంప మీద కొట్టింది. కుడి చెయ్యి లేవదు కాబట్టి ఎడమ చేత్తో కొట్టింది.

ఇదంతా నిలబడే చెప్పింది. చెప్పాక, ఆ పిల్ల చెంప పట్టుకుని ఒక్కటే మాట మళ్లీ మళ్లీ అంది, క్లాసంతా నవ్వింది, అది తిట్టే అనుకున్నాను అంది. బడిలో తెలుగు వచ్చిన టీచర్లున్నారు, అడగలేదు. అడిగితే పెద్ద మేడంకు తెలుగు రాదని తెలిసిపోతుంది కదా. ఇప్పుడు నన్ను అడిగింది, ఒక్కో అక్షరం ఆచి తూచి పలుకుతూ.

"ఒడిసింది అంటే ఏంటి?"

ఆమె నా పని తీసేయగల మనిషి, నేను మాఫీ అడగడానికి వచ్చినదాన్ని. ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. పిల్లలు ఊరికే అనే మాట మేడం, పట్టించుకోకండి అనొచ్చు. నిజం చెబితే ఆమె నా మొహం మళ్లీ చూడకపోవచ్చు, సోమవారం సంగతి అక్కడితో సరి. కానీ చేతిలో ఆ పుస్తకం ఉంది.

అయిపోయింది అని అర్థం మేడం, అన్నాను. పుస్తకం అయిపోయింది, ఇంకా రాద్దామంటే పేజీ లేదు అని మీకు చెప్పింది.

ఆమె కుర్చీలో కూర్చుంది. ఎడమ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత తల ఎత్తి, ఆ పిల్ల మంగళవారం తర్వాత బడికి రాలేదు, ఇల్లు తెలుసా అని అడిగింది. ఊరి పేరు చెబితే తెలుసన్నాను. మా ఆయనకు ఫోను చేసి ఆటో తెమ్మన్నాను. దారిలో బజారులో ఆపించి ఒక కొత్త పుస్తకం కొన్నది. తప్పు నాది అని తెలుగులో ఎలా అంటారని నన్ను అడిగి, ఆటో కుదుపుల్లో దాన్నే వల్లె వేసుకుంటూ కూర్చుంది. కుదుపు వచ్చినప్పుడల్లా భుజం పట్టుకునేది. నేను చూడనట్టు రోడ్డు వైపు చూశాను.

ఆ పిల్ల తల్లి అప్పుడే పొలం నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటోంది. పెద్ద మేడం ఇంటికి వచ్చిందనేసరికి ఆమెకు పై ప్రాణాలు పైనే పోయాయి. పిల్లను రెక్క పట్టి లాక్కొచ్చి మేడం కాళ్లు మొక్కమంది. మళ్లీ అల్లరి చెయ్యదు మేడం, ఇంట్లో కూడా మస్తు కొట్టినం అంది. ఆ మాట నేను మేడంకు హిందీలో చెప్పలేదు. మొత్తం చెప్పాలని ఏముంది, నేను కోర్టులో నిలబడలేదు కదా. పిల్ల తల్లి వెనక నక్కింది, ఎవరు పిలిచినా రాలేదు.

మేడం గడప ముందు నేల మీదే కూర్చుంది. కొత్త పుస్తకం ముందర పెట్టి "తప్పు నాదీ" అంది, యాస అంతా మరాఠీలో. పిల్ల పుస్తకం వంక చూడలేదు. మెడకు కట్టిన చున్నీనీ, జాకెట్ కింద నల్లటి మచ్చనూ చూస్తోంది. చూసి చూసి నన్ను అడిగింది.

"మేడంను ఎవరు కొట్టిండ్రు పెద్దమ్మా?"

"నేనే" అన్నాను.

పిల్ల నన్ను కింది నుంచి పైదాకా చూసింది. పెద్ద మేడంను కొట్టే మనుషులు కూడా ఉంటారని దానికి అప్పుడే తెలిసినట్టుంది. కాసేపు ఆలోచించింది.

"మేడం ఏం తప్పు చేసింది?"

దానికి తెలిసింది అదే కదా. కొట్టారంటే తప్పు చేసి ఉండాలి. నాలుగు రోజుల నుంచి తన తప్పేమిటో వెతుక్కుంటూ ఇంట్లో కూర్చుంది ఆ పిల్ల. నాకు ఏడుపొచ్చింది, కొంగుతో ముక్కు తుడుచుకున్నాను.

"ఏం చెయ్యలే బిడ్డా. మంచిగనే చెప్పింది. నాకే సమజ్ గాలే" అన్నాను.

మేడం నా మోచెయ్యి పట్టుకుని ఏమంటోంది అని అడిగింది. పిల్ల అడిగిందీ నేను చెప్పిందీ ఉన్నదున్నట్టు చెప్పాను, ఈసారి ఒక్క ముక్క కూడా మింగలేదు. ఆమె విన్నది. సమజ్ అనే మాట మూడు భాషల్లోనూ ఒకటే కాబట్టి నేను చెప్పకముందే సగం తెలిసినట్టుంది. పిల్ల వైపు జరిగి, నేను అన్న మాటనే, నా యాసతోనే అంది.

"నాకే సమజ్ గాలే బిడ్డా."

పిల్ల తల్లి కొంగు వదల్లేదు గానీ ఒక చెయ్యి చాచి పుస్తకం తీసుకుంది.

తిరిగొచ్చి తన ఇంటి ముందు ఆటో దిగాక మేడం రెండడుగులు వేసి ఆగింది. నేను అడగలేదు, అడిగే మొహం నాకు లేదు. ఆమే వెనక్కి తిరిగి సోమవారం ఎన్నింటికి రావాలి అంది.

"ఎనిమిదింటికి. నొప్పి లేస్తే ఈసారి మాటలొద్దు మేడం, కాలితో తన్నండి" అన్నాను.